18 జంపులతో స్కైడైవింగ్ జాతరకు వెళ్లనా?

బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఆఫీసు వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 26 ఏళ్లు. మదనపల్లె దగ్గరి పల్లె సొంత ఊరు. నాన్నగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. తమ్ముడు తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆమె వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి మహదేవపురలో అద్దెకు ఉంటున్నారు. గత ఏడాది చివర్లో సెలవు పెట్టి థాయ్‌లాండ్ వెళ్లి స్కైడైవింగ్ శిక్షణలో చేరారు. ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చెరో పక్క పట్టుకుని దూకించే మొదటి మెట్టు నుంచి ఎవరూ పట్టుకోకుండా, ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా దూకే ఏడో మెట్టు దాకా ఏఎఫ్‌ఎఫ్ (యాక్సిలరేటెడ్ ఫ్రీఫాల్) అనే తొలి శిక్షణ పూర్తిచేశారు. మార్చిలో మళ్లీ వెళ్లారు. ఇప్పటికి మొత్తం 18 జంపులు. మొదటి లైసెన్సు అయిన ‘ఎ’ లైసెన్సుకు కనీసం 25 ఉండాలి.

మార్చిలో చేసిన ఆఖరి జంపులో గాలి దిశ అంచనా తప్పింది. గాలివాలుగా, మైదానం దాటి పక్క పొలంలో దిగారు. చీలమండ మెలిక పడింది. మర్నాడు దూకనివ్వరేమోనని ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పలేదు. తీరా మర్నాడు అడుగు తీసి అడుగు వేయలేక ఏదో సాకు చెప్పి వచ్చేశారు. ఇంట్లో ఉన్నవాళ్లతో మెట్ల మీద జారానన్నారు.

వచ్చే జనవరిలో అక్కడే వారం రోజుల పాటు పెద్ద స్కైడైవింగ్ సమావేశం జరగబోతోంది. స్కైడైవర్లు ‘బూగీ’ అని పిలుచుకునే ఈ జాతరకు రకరకాల దేశాల నుంచి వందల మంది వస్తారు. బెంగళూరులో పరిచయమైన ముగ్గురు అనుభవజ్ఞులు వెళుతున్నారు, ఆమెనూ రమ్మంటున్నారు. రిజిస్ట్రేషన్ సొమ్ములో కొంత కట్టేశారు. అయితే స్టూడెంట్లు ఎవరితో పడితే వారితో కలిసి దూకడానికి వీల్లేదు. అందుకు ఆ ముగ్గురిలో ఒకరు ఉపాయం చెప్పారు: “మిగిలిన ఏడు జంపులు వేరే చోట చేసినట్టు నీ లాగ్‌బుక్‌లో రాసి నేను సంతకం పెడతాను. అంత రద్దీలో లైసెన్సు కాగితం ఎవరూ గట్టిగా అడగరు. మా నలుగురి గుంపులో దూకవచ్చు.”

ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. రెండు ప్రయాణాలూ ‘ఆఫీసు పని’. ఒక్క తమ్ముడికి తెలుసు. ఎందుకంటే ఫారంలో అత్యవసర సమయంలో ఎవరికి ఫోను చేయాలన్న చోట అతని నంబరే రాశారు. ఇప్పుడు ఆ సమావేశం సరిగ్గా సంక్రాంతి వారంలో పడింది. పండగకు రమ్మని, అప్పుడే పెళ్లిచూపులు కూడా పెట్టుకుందామని అమ్మ అంటున్నారు.

ఆమె అడిగినవి ఆమె మాటల్లోనే: “స్టూడెంట్‌గా వెళ్తే మైదానంలో కూర్చుని అందరినీ చూస్తూ ఉండిపోవాలా? లాగ్‌బుక్‌లో ఏడు జంపులు రాసుకోవడం అంత పెద్ద తప్పా? నాన్నకు ఇప్పుడు చెప్పాలా, లైసెన్సు వచ్చాక చెప్పాలా? ఇంకో విషయం ఎవరికీ చెప్పలేదు. విమానం తలుపు తెరుచుకునే చప్పుడు గుర్తొస్తే ఈ మధ్య కడుపులో తిప్పినట్టవుతోంది.”

సమాధానం

ముందు లాగ్‌బుక్ సంగతి తేల్చుకుందాం. మీరు అడిగిన మిగతా వాటికి రెండు మూడు దారులున్నాయి. దీనికి ఒకటే ఉంది: ఆ ఏడు జంపులు రాయకండి, ఎవరినీ రాయనివ్వకండి.

ఆ పుస్తకం చూసేవారు మీ మీద అనుమానంతో చూడరు. మిమ్మల్ని ఎవరితో కలిపి దూకించాలి, విమానంలోంచి ఎన్నో వరసలో పంపాలి, ఎంత పెద్ద పారాచూట్ ఇవ్వాలి, ఎక్కడ దిగమనాలి అన్నవన్నీ దాన్ని బట్టే నిర్ణయిస్తారు. మీరు ఇప్పటిదాకా 5,500 అడుగుల దగ్గర పారాచూట్ తెరిచే అలవాటులో ఉన్నారు. లైసెన్సు ఉన్న నలుగురు కలిసి దూకితే మామూలుగా 4,500 అడుగుల దాకా కలిసే ఉంటారు. అక్కడ విడిపోయి, తలొక దిక్కుకు తిరిగి, ఒంటిని బాణంలా సాగదీసి, ఒకరికొకరు వీలైనంత దూరం జరుగుతారు. తర్వాత చేతులు ఊపి హెచ్చరించి, 3,000 అడుగులకు కాస్త ఎగువన తెరుస్తారు. గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగంతో పడుతున్నప్పుడు వెయ్యి అడుగులు దాటడానికి ఆరు సెకన్లు చాలు. అంటే విడిపోవడానికీ తెరవడానికీ మధ్య దొరికేది ఆరేడు సెకన్లు. అంత తక్కువ వ్యవధిలో మిగతా ముగ్గురూ మీ కోసం వెతకరు. మీరు మీ దిక్కుకు జరిగి ఉంటారని నమ్మి, తమ పని తాము చూసుకుంటారు. కంగారులో మీరు అలవాటైన ఎత్తులోనే తెరిచేశారనుకోండి. సరిగ్గా మీ పైన ఒకరు ఉన్నారనుకోండి. పారాచూట్ విచ్చుకుని మీరు ఒక్కసారిగా నిదానిస్తారు. పైనున్నవారు నిదానించలేరు. ఇద్దరూ బతకకపోవచ్చు.

లైసెన్సు లేనివారు ఇన్‌స్ట్రక్టర్‌తోనో, కోచ్‌తోనో తప్ప గుంపులో దూకకూడదన్న నియమం ఇలాంటివి చూసి పెట్టిందే. 25 అన్న అంకెతోనే పని అయిపోదు కూడా. అమెరికా పారాచూట్ అసోసియేషన్ నియమాలనే ప్రపంచంలో చాలా డ్రాప్‌జోన్లు, అంటే స్కైడైవింగ్ కేంద్రాలు, అనుసరిస్తాయి. వాటి ప్రకారం ‘ఎ’ లైసెన్సు రావాలంటే కనీసం ఐదు జంపులు మరొకరితో కలిసి చేయాలి, రేడియో సాయం లేకుండా గురికి 20 మీటర్ల లోపు ఐదుసార్లు దిగాలి, పారాచూట్ సొంతంగా మడవడం రావాలి, పరీక్ష పాసవ్వాలి. మార్చిలో మీరు పొలంలో దిగారంటే, ఆ 20 మీటర్ల పని ఇంకా మిగిలే ఉందని అర్థం. సంతకంతో అది పూర్తికాదు.

మీ స్నేహితుడు దుర్మార్గుడని నేను అనుకోవడం లేదు. మీరు ఒంటరిగా మిగిలిపోతారన్న అభిమానంతోనే అని ఉంటారు. కానీ మీరు గాలిలో ఎలా ఉంటారో ఆయన ఎన్నడూ చూడలేదు. చూడనిదానికి సంతకం పెడతానన్న మనిషి, తలుపు దగ్గర మీ సామగ్రి సరిచూస్తానన్నప్పుడు నిజంగానే చూస్తారని మీకెలా నమ్మకం? ఈ మాట మిమ్మల్ని బాధపెట్టవచ్చు, అయినా ఆలోచించండి.

ఇప్పుడు ఆ పొలంలో దిగిన జంపు దగ్గరికి వద్దాం. ఉత్తరంలో మీరు దాన్ని నాలుగు వాక్యాల్లో దాటేశారు. నాకు మాత్రం మీ చిక్కు అంతా అక్కడే మొదలైనట్టు కనిపిస్తోంది.

స్టూడెంట్ పారాచూట్ గంటకు 30 కిలోమీటర్లతో ముందుకు సాగుతోందనుకుందాం, గాలి 12 ఉందనుకుందాం. గాలికి ఎదురుగా దిగితే నేల మీద మీ వేగం 18. గాలివాలుగా దిగితే 42. చీలమండ మెలిక పడడంలో ఆశ్చర్యం లేదు. అయితే మీరు రాసిన ఒక చిన్న వివరం నన్ను ఆపేసింది: “గాలి వెనక నుంచి వస్తోందని ఆలస్యంగా తెలిసింది, అప్పటికే చెట్ల ఎత్తుకు వచ్చేశాను, ఇక తిప్పకుండా అలాగే దిగిపోయాను.” అలా తిప్పకుండా దిగడమే సరైన పని. అంత తక్కువ ఎత్తులో గాలికి ఎదురు తిరుగుదామని పారాచూట్‌ను మలిపి ఉంటే, అది ఒక పక్కకు వాలి మిమ్మల్ని నేలకేసి కొట్టేది. చీలమండతో పోయేది కాదు. దిశ తప్పినా సరే, రెక్కను సమంగా ఉంచి తిన్నగా దిగమని శిక్షణలో పదే పదే చెప్పేది ఇందుకే. గాలి అంచనా పైన తప్పారు, కింద మాత్రం ప్రాణం కాపాడే నిర్ణయం తీసుకున్నారు.

మీ ఇన్‌స్ట్రక్టర్‌కు జరిగింది చెప్పి ఉంటే, ఆ సాయంత్రమే ఈ మాట ఆయన మీకు చెప్పేవారు. ఎక్కడ తప్పిందో కూడా చూపించేవారు: వెయ్యి అడుగుల దగ్గర ఎక్కడున్నారు, 600 దగ్గర ఎటు మలిగారు, 300 దగ్గర గాలి దిశ చూపే గుడ్డ గొట్టం వైపు చూశారా లేదా అని. ఆయనకు తెలియనివ్వలేదు కాబట్టి మీరు ఏడు నెలలుగా దాన్ని ఒంటరిగా మోస్తున్నారు, అదీ మొత్తంగా ఓటమి అనుకుంటూ. కడుపులో తిప్పినట్టవడానికి సగం కారణం అదే అనిపిస్తోంది. దెబ్బ ఇన్‌స్ట్రక్టర్‌కు తెలియదు, ప్రయాణం నాన్నకు తెలియదు, ఇప్పుడు జంపుల సంఖ్య సమావేశం నడిపేవాళ్లకు తెలియకూడదంటున్నారు. మీకు సాయపడగలిగిన ప్రతి మనిషి దగ్గరా మీ గురించిన ఒక ముక్క దాచిపెట్టారు. మిమ్మల్ని నిందించడానికి ఈ మాట అనడం లేదు. ఈ ఆటలో స్టూడెంట్ చుట్టూ కట్టిన రక్షణ అంతా, మీ గురించి నిజం తెలిసిన మనుషుల మీదే నిలబడి ఉంటుంది. 

ఇక జాతర సంగతి. స్టూడెంట్‌గా వెళితే ఏముంటుంది అన్నారు.

పెద్ద సమావేశాలకు ఉన్న ఆకర్షణ నాకు తెలుసు. 1990లలో అమెరికాలోని క్విన్సీ అనే చిన్న పట్టణంలో జరిగే వరల్డ్ ఫ్రీఫాల్ కన్వెన్షన్‌కు వేల మంది వచ్చేవారు. మీ ఫోనులో పెట్టుకున్నానన్న ఆ ఫోటో, 400 మంది చేతులు కలిపి ఆకాశంలో పువ్వులా విచ్చుకున్నది, 2006 ఫిబ్రవరి 8న థాయ్‌లాండ్‌లోని ఉదోన్ థానీ మీద తీసింది. దాన్ని చూసి ఈ దారిలోకి వచ్చానన్నారు. ఆ 400 మంది ఎంపికై వచ్చి, కలిసి సాధన చేసినవాళ్లు. అలాంటి ఆకాశం కింద నిలబడాలని మీకు ఉండడంలో తప్పేమీ లేదు.

కానీ అక్కడి రోజు ఇలా సాగుతుంది. పొద్దున్నే మానిఫెస్ట్ కౌంటర్ దగ్గర పేర్లు ఇస్తారు. ట్విన్ ఆటర్ లాంటి విమానం ఒక్కసారికి ఇరవై మందిని మోస్తుంది. పెద్ద గుంపులు ముందు దూకుతాయి, తర్వాత చిన్న గుంపులు, ఆపైన తలకిందులుగా ఎగిరేవారు. ఎక్కువ ఎత్తులో తెరిచే స్టూడెంట్లు, టాండెమ్‌లు (ఇన్‌స్ట్రక్టర్‌కు కట్టుకుని దూకేవారు) చివర్లో. మీకు చోటు దొరకాలంటే మీతో రాగల ఇన్‌స్ట్రక్టర్ ఖాళీగా ఉండాలి. గాలి కూడా అనుకూలించాలి. స్టూడెంట్లకు గాలి వేగం గంటకు 14 మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటకూడదని అమెరికా నియమం. అది దాటగానే మీరు కూర్చోవాలి. అదే గాలిలో మీ స్నేహితులు నవ్వుకుంటూ మళ్లీ విమానం ఎక్కుతారు. మధ్యాహ్నం అంతా ఇలా గడిచిన రోజు మనసు ఎంత చివుక్కుమంటుందో ఊహించుకోండి. పైగా మీరు దూకి ఏడు నెలలైంది. 30 రోజులు దాటితేనే స్టూడెంట్లకు మళ్లీ పాఠం చెప్పి, ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలో దూకిస్తారు. మీ మొదటి జంపు అలాగే ఉంటుంది, ఉండాలి కూడా.

అన్నిటికంటే జాగ్రత్తపడాల్సింది దిగేటప్పుడు. పారాచూట్ తెరుచుకోదేమోనని కొత్తవారికి భయం. అది సహజం. 2023లో అమెరికాలో దాదాపు 36 లక్షల జంపులకు 10 మంది చనిపోయారు. ఏటా జరిగే ఇలాంటి మరణాల్లో చాలా భాగం చక్కగా తెరుచుకున్న పారాచూట్ కిందే, నేలకు దగ్గరలో తప్పుగా మలగడం వల్లనో, రెండు పారాచూట్లు ఢీకొనడం వల్లనో జరుగుతున్నాయి. జాతరలో ఒకే సమయంలో ఆకాశంలో ఎన్నో రంగులు. మీది 200 చదరపు అడుగులు దాటిన పెద్ద, నిదానపు పారాచూట్. వాళ్లవి అందులో సగం ఉండి, సర్రున దూసుకొచ్చేవి. మీకున్న లోపం సరిగ్గా దిగే దగ్గరే కాబట్టి, ఇది మీకు రెట్టింపు ముఖ్యం. స్టూడెంట్లకు వేరే మైదానం కేటాయించారా అన్నది మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న. లేదంటే నేనైతే అక్కడ దూకను.

ఇవన్నీ చూసుకుంటే మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, సమావేశానికి ముందే వెళ్లడం. డిసెంబరులో రద్దీ లేని సమయంలో, మీకు నేర్పిన ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికే వెళ్లి, మార్చి జంపుతో మొదలుపెట్టి మిగతావి పూర్తిచేయడం. వాతావరణం కలిసొస్తే వారం పది రోజుల్లో లైసెన్సు చేతికి రావచ్చు. రాకపోవచ్చు కూడా. సెలవులు, ఖర్చు ఎక్కువవుతాయి. లైసెన్సు వచ్చిన వారానికే జాతరలో దిగితే, కాగితం మీద అర్హత ఉన్నా మీరు ఇంకా 25 జంపుల మనిషే. ఆ నలుగురి గుంపు అప్పుడూ మీకు పెద్దదే. లోడ్ ఆర్గనైజర్లు అని ఉంటారు, వచ్చినవారి స్థాయిని బట్టి గుంపులు కట్టేవారు. వాళ్లకు మీ సంఖ్య ఉన్నదున్నట్టు చెప్పి, ఇద్దరి జంపుతో మొదలుపెట్టమని అడగాలి.

రెండోది, స్టూడెంట్‌గానే వెళ్లడం. స్టూడెంట్లను తీసుకుంటామని, ఇన్‌స్ట్రక్టర్‌ను ఇస్తామని నిర్వాహకుల నుంచి రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే. అలా వెళితే జంపుల లెక్క ఇంట్లోనే వదిలేసి వెళ్లండి. రోజుకు ఒకటి దొరికితే సంతోషం. ‘ఏడు పూర్తిచేయాలి’ అన్న పట్టుదలతో వెళ్లినవారే, గాలి సరిగా లేని సాయంత్రం విమానం ఆఖరి ట్రిప్పులో ఎక్కి కూర్చుంటారు. నేల మీద మీకు బోలెడంత పని ఉంటుంది. మడతలు వేసేచోట ఎవరి దగ్గరైనా కూర్చుని పారాచూట్ మడవడం నేర్చుకోండి. దిగే మైదానం అంచున గంటసేపు నిలబడి, ఎవరు ఎక్కడ మలుగుతున్నారో, గాలి మారినప్పుడు వందల మంది ఒకే దిశకు ఎలా కట్టుబడి ఉంటున్నారో చూడండి. మీకు లోటుగా ఉన్న విద్య అక్కడ మీ కళ్ల ముందే నడుస్తుంటుంది. మైదానంలో కూర్చుని చూస్తూ ఉండిపోవాలా అని నిరుత్సాహంగా రాశారు. నిజానికి ఆ చూడడమే ఈసారి మీకు అక్కడ దొరికే అసలైన చదువు.

మూడోది, ఈ ఏడాదికి మానుకోవడం. కట్టిన సొమ్ము పోవచ్చు. స్నేహితుల ఫోటోలు చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. బదులుగా హైదరాబాద్ వెళ్లి అక్కడి ఇండోర్ విండ్ టన్నెల్‌లో కొంత సాధన చేయవచ్చు, రాత్రి బస్సెక్కితే పొద్దున్నే ఉంటారు. గాలిలో ఒంటిని నిలకడగా ఉంచుకోవడం అక్కడ బాగా వస్తుంది. తలుపు భయం కొంత తగ్గవచ్చు కూడా. కానీ అక్కడ పారాచూట్ ఉండదు, దిగడం ఉండదు. మీ లోపం మీద ఆ డబ్బు పనిచేయదని తెలిసి ఖర్చుపెట్టండి. మన దేశంలో హరియాణాలోని నార్నౌల్ లాంటి చోట్ల ఎక్కువగా జరిగేవి టాండెమ్‌లే కాబట్టి, మిగతా జంపులకు మళ్లీ విదేశమే వెళ్లాల్సి రావచ్చు.

నన్నడిగితే మొదటి దారిలో సగం, రెండో దారిలో సగం కలుపుతాను. సమావేశానికి ఐదారు రోజుల ముందు వెళ్లి, పాత ఇన్‌స్ట్రక్టర్‌తో దూకి, లైసెన్సు వచ్చినా రాకపోయినా జాతర మొదటి రెండు రోజులు మాత్రం ఉండి, తిరిగి రావడం. మీ సెలవులు, మీ చేతిలోని డబ్బు మీకే తెలుసు.

ఆ కడుపులో తిప్పడం గురించి. దెబ్బ తగిలాక శరీరం గుర్తుపెట్టుకుంటుంది. అది పిరికితనం కాదు. మీరు చేయగలిగింది, ఆ సంగతి దూకే ముందే ఒక మనిషికి చెప్పి ఉంచడం. విమానం ఎక్కాక దూకాలనిపించకపోతే విమానంలోనే దిగిపోయే హక్కు ప్రతి స్టూడెంట్‌కూ ఉంది. మీరు చివర్లో దూకేవారు కాబట్టి లోపల, పైలట్‌కు దగ్గరగా కూర్చుంటారు. మీ వల్ల ఎవరి దారీ ఆగదు. ఒక్క జాగ్రత్త: ఆగిపోవాలనుకున్న క్షణమే ఇన్‌స్ట్రక్టర్‌కు గట్టిగా చెప్పండి, ఆయన పైలట్‌కు చెప్పాలి. స్టూడెంట్ వీపుకు తగిలించే పారాచూట్ల సంచిలో, ఆపదలో రిజర్వ్‌ను, అంటే అదనపు పారాచూట్‌ను, దానంతటదే తెరిచే ఏఏడీ అనే పరికరం తక్కువ వేగానికే పనిచేసేలా అమర్చి ఉంటుంది. విమానం వేగంగా దిగితే అది లోపలే రిజర్వ్‌ను తెరిచేసే ప్రమాదం ఉంది. అందుకే పైలట్ నిదానంగా దిగుతాడు. మీరు మౌనంగా ఉండిపోతే ఎవరికీ తెలియదు.

నాన్నగారి విషయం చివర్లో అడిగారు. ఆ ఫారం గుర్తుచేసుకోండి. అత్యవసరంలో ఎవరికి ఫోను చేయాలన్న చోట తమ్ముడి నంబరు రాశారు. చదువుకునే ఆ అబ్బాయి ఒకవేళ ఆ ఫోను ఎత్తాల్సి వస్తే, ముందు మీ సంగతి విని, తర్వాత అమ్మానాన్నల ముందు నిలబడి, మీరు చెప్పని కథంతా తాను చెప్పాలి. ఈ భారం అతని మీద ఇప్పటికే రెండుసార్లు పెట్టారు. మూడోసారి పెట్టవద్దు. నాన్నకు చెప్పడం ఇష్టం లేకపోతే, కనీసం మరో పెద్ద మనిషి నంబరు రాయండి, వారికి అన్నీ వివరించి, ఒప్పుకున్నాకే.

చెప్పాలనుకుంటే మాత్రం వెళ్లే ముందే చెప్పడం మేలని నా అభిప్రాయం. లైసెన్సు వచ్చాక చెబితే మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది, నిజమే. కానీ అప్పటికి దాచిన నెలలు ఇంకొన్ని పెరిగి ఉంటాయి. ఆయనకు నొప్పి కలిగించేది దూకడం కంటే అదే కావచ్చు. మన స్కైడైవర్లు రేచల్ థామస్‌కు 2005లో, శీతల్ మహాజన్‌కు 2011లో పద్మశ్రీ వచ్చిందని చెప్పి ఒప్పించాలని చూడకండి. వాళ్ల సంగతి వాళ్లది, నీ సంగతి చెప్పమంటారు. ఆయన ఏళ్ల తరబడి భాకరాపేట ఘాట్‌లో బస్సు నడిపారని రాశారు. డిపోలోంచి బస్సు తీసే ముందు బ్రేకులు, టైర్లు చూడకుండా కదిలిన మనిషి కాదు కదా. ఆయనకు అర్థమయ్యే భాష అదే. రిజర్వ్ పారాచూట్‌ను అర్హత ఉన్న రిగ్గర్ విప్పి, పరీక్షించి మళ్లీ మడుస్తాడని, అమెరికా నియమంలో దానికి గడువు 180 రోజులని చెప్పండి. విమానం ఎక్కేముందు ఒకసారి, దూకే ముందు ఇంకోసారి, మరొకరు మీ వీపు మీది ఫ్లాప్ ఎత్తి, పారాచూట్ సంచిని మూసి ఉంచే పిన్ను సరిగ్గా ఉందో లేదో చూసి భుజం తడతారని చెప్పండి. చీలమండ సంగతి కూడా చెప్పండి. అది దాచి మిగతావన్నీ చెబితే, ఆయన అడిగే మొదటి ప్రశ్నకే మీరు తడబడతారు.

ఆయన ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను. కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. అమ్మ పెళ్లి తొందర పెంచవచ్చు. వెళ్లవద్దని గట్టిగా అంటే, 26 ఏళ్ల మీరు సొంత డబ్బుతో వెళ్లగలరు. కానీ అప్పుడు ఆయనకు తెలిసి, ఆయన మాట కాదని వెళుతున్నారు. అది కష్టమైనదే, అయినా అబద్ధంతో వెళ్లడం కంటే మీ ఇద్దరి మధ్యా తక్కువ చెరుపు చేస్తుంది.

పెళ్లిచూపుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఒంట్లో బాగాలేదని చెప్పకండి. ఆ వారం ఊళ్లో ఉండనని, పండగ తర్వాత పెట్టుకుందామని అమ్మకు ఇప్పుడే చెప్పండి. చూడడానికి వచ్చే అబ్బాయికి కూడా ఈ సంగతి మొదటి మాటల్లోనే తెలియాలి.

రెండు చిన్న పనులు. మామూలు ప్రయాణ బీమా పాలసీలు చాలావరకు స్కైడైవింగ్‌ను మినహాయిస్తాయి. మీ పాలసీలో ఆ పేరాను మీరే చదివి, వర్తించేది వేరే తీసుకోండి. విదేశంలో ఎముక విరిగితే ఆసుపత్రి బిల్లు మీ పొదుపంతా తినేస్తుంది. ఆ చీలమండను బెంగళూరులోనే ఆర్థోపెడిక్ డాక్టరుకు ఒకసారి చూపించండి. ఏడు నెలలైంది కదా తగ్గిపోయి ఉంటుందని మీరు అనుకుంటున్నారు, డాక్టరు అనాలి.

రిజిస్ట్రేషన్ మిగతా సొమ్ము కట్టడానికి ఈ నెలాఖరు గడువని రాశారు. ఈ రాత్రే మీ ఇన్‌స్ట్రక్టర్‌కు మార్చి జంపు గురించి ఉన్నదున్నట్టు రాయండి. గాలి, దిగిన పొలం, చీలమండ, వచ్చేటప్పుడు చెప్పిన సాకు అన్నీ. డిసెంబరులోనో, జనవరి మొదట్లోనో తనతో దూకించగలరా అని అడగండి. నిర్వాహకులకు విడిగా రాసి, స్టూడెంట్లకు వేరే మైదానం ఉందా, మీతో దూకే ఇన్‌స్ట్రక్టర్ ఎవరు అని అడగండి. నెలాఖరులోపు ఈ రెండు జవాబులూ రాకపోతే మిగతా సొమ్ము కట్టకండి.